వాలు చెల్కను చదును చేయకుండా మట్టి ఇటుకల ఇల్లు: ఎక్కడ దెబ్బతింటాం?

చెల్కదారి:
భువనగిరి దగ్గర పది గుంటల ఎర్ర చెల్క, అంటే ఎర్రమట్టి మెట్ట జాగా. పడమర నుంచి తూర్పుకు 60 అడుగుల్లో 5 అడుగులు దిగుతుంది. ఈశాన్యం మూల పరుపుబండ పైకి తేలి ఉంది, రెండు వేపచెట్లున్నాయి. 36×25 ఇల్లు చాలు. కాంట్రాక్టరు జేసీబీతో బండ కొట్టేసి చదును చేద్దామంటున్నాడు. మాకేమో జాగా ఉన్నది ఉన్నట్టుండాలి, తవ్విన మట్టితోనే ఇటుకలు కొట్టించాలని ఉంది. ఎక్కడ జాగ్రత్తపడాలి?

కొలతబద్ద:
ఇటుకల సంగతి తర్వాత. ముందు వాలు లెక్క చూడండి. 36 అడుగుల వైపును తూర్పు పడమరలుగా పెడితే పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు పడతాయి, ఎండకు అదే మంచిది. కానీ ఆ పొడవులో నేల 3 అడుగులు దిగుతుంది. ఒకే మట్టంలో కడితే బేస్‌మెంటు పడమర అడుగున్నర, తూర్పున నాలుగున్నర. అదే ఇంటిని మధ్యలో విరిచి, తూర్పు సగాన్ని అడుగున్నర దించితే రెండు సగాల్లోనూ బేస్‌మెంటు అడుగున్నర నుంచి 3 అడుగులే. లోపల ఆరంగుళాల మెట్లు మూడు వస్తాయి. నింపాల్సిన మొరం సుమారు 2700 ఘనపుటడుగుల నుంచి 2025కి తగ్గుతుంది, అంటే ట్రాక్టరుకు వంద ఘనపుటడుగుల లెక్కన సుమారు ఏడు ట్రిప్పులు మిగులు.

పడమటి గోడకు ఆరడుగుల ఎగువన, వాలుకు అడ్డంగా అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాలువ తీయండి. రెండు కొసల నుంచీ ఇంటిని చుట్టి నీళ్లు దిగువకు పోవాలి. ఇది పునాది తవ్వకముందే కావాలి. ఇల్లయ్యాక చూద్దాంలే అంటే మొదటి వానకే ఎగువ నీళ్లు బేస్‌మెంటులో దిగి, మొరం కుంగి, నాపరాళ్లు లేచిపోతాయి.

(తూర్పు పల్లం కాబట్టి వాస్తు పంచాయితీ కూడా లేదు మీకు!)

మొరంతట్ట:
మట్టి గురించి. పై అడుగు మట్టి ఇటుకకు పనికిరాదు, అందులో వేర్లు, ఆకుకుళ్లు ఉంటాయి. దాన్ని పక్కన కుప్ప పోసి చెట్లకు వాడండి. కింది మట్టిని గాజు సీసాలో మూడోవంతు పోసి, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి ఒక రోజు వదిలేయండి. అడుగున ఇసుక, పైన ఒండ్రు, ఆపైన బంక పొరలుగా పేరుకుంటాయి. బంక 15-20 శాతం ఉంటే హాయి. చెల్కలో తరచూ తక్కువే ఉంటుంది. అప్పుడు చాలామంది చెరువు పూడిక నల్లమట్టి కలుపుతారు. అది మాత్రం వద్దు. తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే మట్టి అది, ఇటుక నెర్రెలిస్తుంది. దగ్గర్లో బంక ఎక్కువున్న ఎర్రమట్టే వెతకండి.

కాల్చకుండా, మట్టిలో కాస్త సిమెంటు కలిపి మిషన్‌తో నొక్కిన 230×190×100 మి.మీ. ఇటుక ఎండాక 8 కిలోలు తూగుతుంది. సిమెంటు 7 శాతమైతే బస్తాకు 85-90 ఇటుకలు. గోడ చదరపు అడుగుకు మూడున్నర ఇటుకలు పడతాయి. తడి సరిపోయిందా అంటే, పిడికెడు ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే సరి. పగలకుండా ముద్దగా అతుక్కుంటే నీళ్లెక్కువ, పొడైపోతే తక్కువ. కలిపిన మట్టిని అరగంటలో మిషన్‌కు ఎక్కించాలి. మధ్యాహ్నం భోజనానికి ముందు కలిపి, తిన్నాక కొడితే ఆ సిమెంటు దండగ. కొట్టిన ఇటుకలను రెండు రోజులు ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచి, తర్వాత 28 రోజులు గడ్డి పరిచి తడపాలి.

కట్టుబడికి సిమెంటు 1, అదే ఎర్రమట్టి 2, ఇసుక 6. మేస్త్రీ అలవాటుగా 1:4 సిమెంటు మాలు కలిపేస్తాడు. మాలు ఇటుక కంటే గట్టిదైతే పగులు అతుకులో కాక ఇటుకలోంచే పోతుంది.

గుండుబండ:
పైన చెప్పినవి బాగున్నాయి గానీ పరుపుబండ ఎవరూ పట్టించుకోలేదు. పునాదిలో ఒక మూల బండ మీద, మిగతాది మొరం మీద కూర్చుంటే మొరం వైపు కుంగుతుంది, బండ వైపు కుంగదు. ఆ మధ్యలో గోడ ఏటవాలుగా చీలుతుంది. ముగ్గు పోయకముందే పునాది గీత వెంట ఐదారు చోట్ల గుంతలు తీసి, బండ ఎంతదాకా పాకిందో చూడండి. ఒక్క మూలకే తగిలితే ఇంటినే నైరుతికి జరపండి. బండను కొట్టొద్దు. అరుగులా వాడుకోవచ్చు.

బేస్‌మెంటు పైన మరో రెండడుగులు కూడా రాతి కట్టుబడే పెట్టండి, చూరు నీళ్లు చిందేది అక్కడిదాకే. మట్టి ఇటుకకు బయట సిమెంటు ప్లాస్టరు, ఆయిల్ పెయింటు వేయొద్దు. లోపలి తడి బయటికి రాలేక పెచ్చులుగా ఊడదీస్తుంది. సున్నం చాలు.

చెల్కదారి:
ఇల్లు జరపడానికి జాగా ఉంది, గుంతలు తీయిస్తాను. పైకప్పుకు మంగళూరు పెంకులు అనుకున్నాం. బాత్రూంకు కూడా మట్టి ఇటుకేనా?

గుండుబండ:
కోతులున్న ఊరైతే పెంకులు మర్చిపోండి, వారానికోసారి పైకెక్కి సర్దాలి. ఆ పెంకులే స్లాబు లోపల పూరకంగా పెట్టి ఫిల్లర్ స్లాబు వేయండి, కాంక్రీటు తగ్గుతుంది. చూరు రెండున్నర అడుగులు బయటికి రావాలి. పెంకులను ముందు నీళ్లలో నానబెట్టకపోతే కాంక్రీటులోని తడి పీల్చేస్తాయి. గోడల పక్క అడుగు మేర పెంకు వద్దు, అక్కడ నిండు కాంక్రీటే. కరెంటు పైపుల దారి కూడా సెంట్రింగ్ మీద పెంకులు పేర్చేటప్పుడే తేల్చుకోవాలి, తర్వాత తొలవడం కుదరదు.

బాత్రూంలో ఏడడుగుల ఎత్తుదాకా కాల్చిన ఇటుకే కట్టండి.