కొత్తవాళ్లకు షార్ట్‌కట్లు మొదటి నెలలోనే నేర్పాలా?

ప్రశ్న:
మా టీమ్‌లో ముగ్గురు ఫ్రెషర్లు చేరారు. వీఎస్ కోడ్ (మేం కోడ్ రాసే ఎడిటర్) కీబోర్డ్ షార్ట్‌కట్ల చార్ట్ ప్రింట్ తీసి ఇద్దామంటే మా సీనియర్ వద్దన్నారు. ముందు కోడ్ అర్థం కావాలి, మౌస్‌తోనూ పని అవుతుంది కదా అని ఆయన వాదన. మీరేమంటారు?

జవాబు 1:
మీ సీనియర్ గారి మాటే నాదీ. షార్ట్‌కట్లు వాడగా వాడగా వేళ్లకు అలవాటవుతాయి, బట్టీ పడితే రావు. మా పనిలో టైప్ చేసే టైమ్ కన్నా ఆలోచించే టైమే ఎక్కువ. ఒక క్లిక్ తగ్గితే ఒరిగేదేముంది?

జవాబు 2:
అన్నా, చార్ట్ వద్దన్నది ఒప్పుకుంటాను. కానీ వేలకొద్దీ ఫైళ్లున్న ప్రాజెక్ట్ వెతక్కుండా ఎలా అర్థమవుతుంది? లైన్ కాపీ చేసే షార్ట్‌కట్ తెలియకపోతే రెండు సెకన్లు పోతాయి. సరిగ్గా వెతకడం తెలియకపోతే కోడే పాడవుతుంది.

నాకే జరిగింది. ఒక బిల్లింగ్ ప్రాజెక్ట్‌లో 'రేట్' అనే వేరియబుల్‌ను (కోడ్‌లో ఒక విలువను దాచుకునే పేరు) 'ప్రైస్'గా మార్చమన్నారు. ఆ అక్షరాలు కనిపించిన ప్రతిచోటా మార్చేసే రీప్లేస్ ఆల్ కొట్టేశాను. జనరేట్, సెపరేట్, ఇటరేట్... ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో వీటన్నిటి చివరా 'రేట్' ఉంటుంది. అవన్నీ మారిపోయి బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) మొత్తం ఎర్రర్లతో ఎర్రబడింది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు టీమ్‌లో ఒక అక్క ఎఫ్2 చూపించారు. అది అక్షరాలను కాదు, ఆ వేరియబుల్‌ను పట్టుకుని దాని పేరు మాత్రమే మారుస్తుంది.

అందుకే మొదటి వారంలోనే మూడు చెబుతాను: ఫైల్ తెరవడానికి కంట్రోల్ పీ, ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) ఎక్కడ రాశారో చూడటానికి ఎఫ్12, దాన్ని ఎక్కడెక్కడ వాడారో చూడటానికి షిఫ్ట్ ఎఫ్12. మిగతావి నెమ్మదిగా వస్తాయి.

జవాబు 1:
తమ్ముడూ, ఎఫ్2 మీద అంత భరోసా వద్దు. కోట్స్ మధ్య రాసిన ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను అడిగే భాష) ఉన్న పేరును అది ముట్టుకోదు. పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో టైప్‌లు (ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో) రాయకపోతే కొన్ని చోట్లు వదిలేస్తుంది కూడా.

జవాబు 2:
నిజమే అన్నా, అది నేను చెప్పాల్సింది. ఎఫ్2 అయ్యాక పాత పేరుతో ప్రాజెక్ట్ మొత్తం వెతికే కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ కొట్టి, పూర్తి పదాన్నే పట్టే 'మ్యాచ్ హోల్ వర్డ్' ఆన్ చేసి, మిగిలినవి ఒక్కొక్కటీ కళ్లతో చూడాలి. ఈ రెండో అడుగు మౌస్‌తో చేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఇది ఎవరో ఒకరు చూపించాలి. నాకు ఎవరూ ముందే చూపించలేదు.