పెట్రోలు, డీజిలు కార్లకు గడువు పెడుతున్నారు, మరి ఇప్పుడు ఏ బండి కొనాలి?

దూరప్రయాణి

కొత్త కారు కొనవలసిన సమయం వచ్చింది గనుక అనుభవం ఉన్నవారి మాట వినాలని అడుగుతున్నాను. కొత్త పెట్రోలు, డీజిలు కార్ల అమ్మకం 2035 నుంచి ఆగిపోయేలా యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. 2025 డిసెంబరు వచ్చేసరికి, ఉద్గారాలను నూటికి నూరు శాతం కాక 90 శాతం తగ్గిస్తే చాలని యూరోపియన్ కమిషనే కొత్త ప్రతిపాదన పెట్టింది. బ్రిటన్ 2017లో 2040 అన్నది, 2020లో దాన్ని 2030కి జరిపింది, 2023లో 2035కి వాయిదా వేసింది, 2025లో మళ్ళీ 2030కే వచ్చింది. ప్రభుత్వాలే ఒక మాట మీద నిలబడనప్పుడు, పదేళ్ళు వాడుకుందామని బండి కొనేవాడు దేన్ని నమ్మాలి? ఇప్పుడు డీజిలు కారు కొంటే కొన్నేళ్ళ తర్వాత దానికి రీసేల్ ఉంటుందా? ఇంజనూ బ్యాటరీ మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ నిజంగా మధ్యేమార్గమేనా? వాడిన ఎలక్ట్రిక్ కారు తీసుకోదలిస్తే, బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలి ఉందో కొనేముందే ఎలా తెలుసుకోవాలి?

టార్క్‌ప్రియుడు

డీజిలే కొనండి, సందేహించకండి. నిండా మనుషులతో, పైన సామానుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు రెండువేల ఆర్‌పీఎం దాటకుండానే లాగే బండి విలువ, కాగితం మీద లెక్కలు వేసేవారికి తెలియదు. నాకు కడుపు మండేది వేరే విషయంలో. డీజిలు బండి తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్తుంది గనుక కార్బన్ డయాక్సైడు తక్కువని చెప్పి, పన్నుల్లో రాయితీలిచ్చి, యూరప్‌లో జనం చేత వాటిని కొనిపించినవి ప్రభుత్వాలే. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ తన బండ్లలో ఉద్గార పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేర్ పెట్టినట్టు బయటపడింది. ప్రపంచమంతా కలిపి దాదాపు కోటీ పది లక్షల బండ్లలో అది ఉందని ఆ కంపెనీయే ఒప్పుకుంది. కంపెనీ జరిమానాలు కట్టి తన దారిన తాను సాగిపోయింది. జర్మనీలోని హాంబర్గ్‌లో 2018లో కొన్ని వీధుల్లోకి, స్టుట్‌గార్ట్‌లో 2019లో నగరంలోకే రానివ్వకుండా ఆపింది మాత్రం డబ్బు పోసి కొనుక్కున్నవారి పాత డీజిలు బండ్లను. ఇప్పుడు ఎలక్ట్రిక్ కొనమంటున్నవారు, పదేళ్ళ తర్వాత దానిలోనూ తప్పు పట్టరని ఎవరు హామీ ఇస్తారు?

పనిముట్లపెట్టె

అందరికీ ఒకే సలహా ఇవ్వడం సరికాదు. నా షెడ్డుకు వచ్చే కొత్తతరం డీజిలు బండ్లలో చాలావాటికి ఒకటే జబ్బు. బడికీ బజారుకీ తప్ప బయటికి వెళ్ళని బండిలో, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోలేదు, ఎందుకంటే ఆ మసి కాలిపోవాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. ఆ వేడి కోసం ఇంజను అదనంగా డీజిలు చిమ్ముతుంది, అంతలోనే మీరు ఇంటికి వచ్చి బండి ఆపేస్తారు, కాలని డీజిలు సిలిండరు గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి: ఆయిలు మట్టం తగ్గవలసింది పోయి గరిష్ఠ గీత దాటి ఉంటుంది, వేళ్ళ మధ్య రుద్దితే నీళ్ళలా జారుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన కొడుతుంది. ఆ ఆయిలుతోనే నడిపితే టర్బో బేరింగులు పోతాయి. రోజూ హైవే మీద తిరిగేవారైతే డీజిలు కొనండి. ఊళ్ళోనే తిరిగేవారు 2035 దాకా ఆలోచించనక్కర లేదు, వారికి డీజిలు ఈరోజే పనికిరాదు.

నిశ్శబ్దచక్రం

పనిముట్లపెట్టె గారు చెప్పిన ఫిల్టరూ, టర్బో, క్లచ్చూ ఏవీ లేని బండిని నేను నడుపుతున్నాను. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే తెల్లవారేసరికి సిద్ధంగా ఉంటుంది, బంకు మొహం చూసి చాలా కాలమైంది. నిషేధం అనే మాట విని అందరూ బెదిరిపోతున్నారు గానీ, నార్వే పెట్రోలు కార్లను నిషేధించనే లేదు. 2025కల్లా కొత్త కార్లన్నీ ఉద్గారాలు లేనివే కావాలని లక్ష్యం పెట్టుకుని, పెట్రోలు, డీజిలు కార్ల మీద భారీ పన్ను ఉంచి, ఎలక్ట్రిక్ కార్లకు 25 శాతం వ్యాట్ తీసేసింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తిగా బ్యాటరీతో నడిచేవే, అదీ అంత చలి ఉన్న దేశంలో. దూరప్రయాణాల్లో 20 నుంచి 80 శాతం దాకా ఛార్జ్ చేసుకుని బయల్దేరితే సరిపోతుంది, ఎవరూ నూరు శాతం దాకా కూర్చోకూడదు.

క్యూలోనిలిచినవాడు

ఆ చివరి వాక్యం ప్రతి ఛార్జింగ్ స్టేషన్ దగ్గరా బోర్డు రాసి పెట్టాలి. పండుగ సెలవుల్లో హైవే మీద పనిచేస్తున్న ఒకే ఒక్క ఫాస్ట్ ఛార్జర్ దగ్గర నా ముందున్న బండి 82 శాతం చూపిస్తోంది. మొదట్లో 50 కిలోవాట్లు వచ్చిన చోట 80 దాటాక 18కి, తర్వాత 11కి పడిపోవడం తెర మీద కనబడుతూనే ఉంది. ఆయన సీటు వెనక్కు వాల్చి వీడియో చూసుకుంటున్నారు. అద్దం తట్టి అడిగితే, డబ్బు కట్టాను గనుక నిండేదాకా తీయనన్నారు. చివరి 20 శాతానికి పట్టిన సమయంలో నేను నింపుకుని వెళ్ళిపోయేవాణ్ణి. వెనక సీట్లో నా తల్లి ఎండకు తాళలేక ఇబ్బంది పడుతుంటే ఈ సాంకేతికత గొప్పదని ఎలా ఒప్పుకోను?

నూరుశాతం

ఆ సీట్లో కూర్చున్నది నేను కాదు గానీ, ఆయన తరఫున మాట్లాడతాను. నా బండిలో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ అనే రకం బ్యాటరీ, వారానికి ఒకసారైనా నూరు శాతం ఛార్జ్ చేయమని దాని మాన్యువల్లోనే రాసి ఉంది. తర్వాతి ఛార్జర్ పనిచేస్తుందో లేదో తెలియని దారిలో 80కే ఆపి వెళ్ళమనడం ఎవరి న్యాయం?

నిశ్శబ్దచక్రం

వారానికి ఒకసారి నింపడం ఇంటి దగ్గర చేసుకోవలసిన పని. నలుగురు వేచి ఉన్న చోట మాన్యువల్ పేరు చెప్పి కూర్చోవడం స్వార్థం. మీవంటివారి వల్లనే ఎలక్ట్రిక్ కార్లకు చెడ్డపేరు వస్తోంది.

నూరుశాతం

మాటలు జాగ్రత్తగా రాయండి. మీకు ఇంట్లో ప్లగ్గు ఉంది, నాకు లేదు. నేను నింపుకోగలిగేది బయటనే. తనకున్న సౌకర్యం లేనివారిని స్వార్థపరులనడం సంస్కారం కాదు.

సెల్‌కెమిస్ట్రీ

నేను బ్యాటరీ ప్యాకులు తయారుచేసే రంగంలోనే చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను గనుక అధికారంతోనే చెబుతున్నాను: మీరిద్దరూ వేర్వేరు బ్యాటరీల గురించి పోట్లాడుతున్నారు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ సెల్లును ఎక్కువసేపు నిండా ఉంచితే త్వరగా క్షీణిస్తుంది, అందుకే రోజువారీ వాడకానికి 80 అంటారు. ఐరన్ ఫాస్ఫేటుతో చేసే ఎల్‌ఎఫ్‌పీకి ఆ బాధ తక్కువ. కానీ దాని వోల్టేజి చాలా దూరం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది గనుక, అప్పుడప్పుడు నిండా ఛార్జ్ చేయకపోతే ఎంత మిగిలిందో కంప్యూటరు సరిగా అంచనా వేయలేదు. నింపమనడం ఆ లెక్క సరిచేయడానికే. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర మాత్రం ఏ సెల్లయినా నిండే కొద్దీ నెమ్మదిస్తుంది, అది రసాయనశాస్త్రం. అసలు స్టేషన్‌కు ఒకటే యంత్రం పెట్టినవారిని వదిలేసి వాహనదారులు ఒకరినొకరు తిట్టుకోవడమే నాకు బాధగా ఉంది.

కార్బురేటర్

బ్యాటరీల గొడవలో అసలు ప్రశ్న మరుగున పడింది. గడువు పెట్టేది కొత్త కార్ల అమ్మకానికి, నడుస్తున్నవాటికి కాదు. ఆ తేడా చెప్పకపోవడం వల్ల పాత బండ్లను అయినకాడికి అమ్ముకుంటున్నారు. అయితే రెండో రకం నిషేధాలూ ఉన్నాయి: ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, తర్వాత అందులోనూ సడలింపులు వచ్చాయి. నా దగ్గరున్న పాత బండి కంపెనీ బిగించిన కార్బురేటర్‌తోనే ఇప్పటికీ నడుస్తుంది. సీసం కలిపిన పెట్రోలును ఆపేసినప్పుడు కూడా పాత ఇంజన్ల పని అయిపోయిందన్నారు. అప్పటిదాకా ఆ సీసమే కాపాడిన వాల్వు సీట్ల స్థానంలో గట్టివి వేయించుకుని నడుపుకున్నాం. ఆ పెట్రోలును ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఆపేసింది, కొన్ని దేశాలు ఆపడం మొదలుపెట్టిన దశాబ్దాలకు. ఇదీ అంతే నెమ్మదిగా జరుగుతుంది. కొత్తగా ఎవరూ కొనకపోయినా, బంకులు ఒక్కరోజులో మూతపడవు.

టార్క్‌ప్రియుడు

బంకులు ఉంటాయి సరే, కరెంటు దేనితో తయారవుతోంది? బొగ్గు కాల్చి కరెంటు చేసి, ఆ కరెంటుతో నడుపుతూ మా పొగగొట్టాలను వేలెత్తి చూపడం న్యాయం కాదు.

నిశ్శబ్దచక్రం

ఈ లెక్క ఎప్పుడో తేలింది. తయారీ, ఇంధనం, కరెంటు అన్నీ కలిపి, 2021లో రిజిస్టరయిన మధ్యస్థాయి కార్ల జీవితకాల ఉద్గారాలను రవాణా కాలుష్యం మీద పరిశోధన చేసే ఐసీసీటీ అనే సంస్థ పోల్చింది. పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలు యూరప్‌లో 66 నుంచి 69 శాతం, బొగ్గు మీదే ఎక్కువగా ఆధారపడిన భారత్‌లో 19 నుంచి 34 శాతం తక్కువ. బొగ్గు తగ్గే కొద్దీ రోడ్డు మీద ఉన్న నా బండి కూడా దానంతట అదే శుభ్రపడుతుంది, మీ ఇంజనుకు ఆ అవకాశం లేదు.

టార్క్‌ప్రియుడు

19 శాతం కోసం ఇంత ఆర్భాటమా? పైగా పెట్రోలు మీద పోయిన పన్నును మీ మీదే వేస్తారు, చూడండి. ఐస్‌లాండ్, న్యూజిలాండ్ 2024లోనే ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటర్ల లెక్కన రుసుము మొదలుపెట్టాయి.

నిశ్శబ్దచక్రం

వేయనివ్వండి, రోడ్డు వాడుకునేవారందరూ కట్టవలసిందే.

పనిముట్లపెట్టె

పన్నుల సంగతి చెప్పుకుంటున్నారు గానీ, మా పొట్టల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆయిలు మార్పు, క్లచ్ ప్లేటు, ఇంజెక్టర్లు, సైలెన్సర్ పోతే షెడ్డుకు మిగిలేది టైర్లు, సస్పెన్షన్, ఏసీ. నారింజరంగు వైర్లలో నాలుగు వందల వోల్టులు ఉంటాయి, శిక్షణ లేకుండా చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. శిక్షణకు సిద్ధమే, కానీ లోపం ఏమిటో చదివే సాఫ్ట్‌వేరును కంపెనీలు సొంత సర్వీసు సెంటర్లకే పరిమితం చేస్తే నేర్చుకున్న చదువు ఎందుకు? అమ్మకానికి గడువు పెట్టే చట్టంలోనే, బయటి మెకానిక్కుకు మరమ్మతు సమాచారం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా ఉండాలి. అది వాహనదారుడికీ అవసరమే, ఎందుకంటే వారంటీ తీరాక మీరు వచ్చేది మా దగ్గరికే.

దూరప్రయాణి

అందరికీ ధన్యవాదాలు. వాడిన ఎలక్ట్రిక్ కారు గురించి అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

సెల్‌కెమిస్ట్రీ

నేను చెబుతాను. స్టీరింగు ముందు తెర చూపించే కిలోమీటర్లను నమ్మకండి, అది ఇటీవల నడిపిన తీరును బట్టి మారే అంచనా. బండి కంప్యూటరులోని సమాచారం చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి, బ్యాటరీ ఆరోగ్యాన్ని శాతంలో చూపే ఎస్‌ఓహెచ్ విలువ తీయించండి. వీలైతే 10 శాతం నుంచి నూరు దాకా ఛార్జ్ చేసి ఎన్ని యూనిట్లు పట్టిందో మీటరులో చూసి, ఛార్జింగులో పోయే సుమారు పదో వంతు తీసేసి, కొత్త బ్యాటరీ సామర్థ్యంలో 90 శాతంతో పోల్చుకోండి. సెల్లుల మధ్య వోల్టేజి తేడా కూడా చూడండి, ఒక్క మాడ్యూలు బలహీనపడినా ప్యాకంతా దాని స్థాయికే దిగుతుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, ఆరోగ్యం 70 శాతం కంటే పడితేనే అది వర్తిస్తుంది. ఆ వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో కాగితం మీద రాయించుకోండి.

మూడోఅంతస్తు

ఒక ప్రశ్న. మా భవనం పార్కింగులో ఛార్జర్ పెట్టనివ్వడానికి సంఘం ఒప్పుకోవడం లేదు, మంటలు వస్తాయంటున్నారు. పంపుసెట్టు దగ్గర మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు ఒకటి ఉంది. దానితో సరిపెట్టుకోవచ్చా?

సెల్‌కెమిస్ట్రీ

సరిపెట్టుకోవచ్చు, గంటకు సుమారు 3 యూనిట్లు వస్తాయి. రాత్రి పది గంటల్లో 30 యూనిట్లంటే చిన్న కారుకు దాదాపు 200 కిలోమీటర్లు. అయితే ఆ ప్లగ్గుకు విడిగా తీగ, ఎర్తింగు, లీకేజి బ్రేకరు ఉన్నాయేమో ముందు చూపించుకోండి. మంటలు వచ్చేది చాలాసార్లు గంటల తరబడి పూర్తి కరెంటు లాగి వదులైన పాత సాకెట్లలోనే. మొదటిసారి పెట్టినప్పుడు గంట తర్వాత ప్లగ్గు తల ముట్టుకోండి, వేడిగా తగిలితే వెంటనే ఆపేయండి.

టార్క్‌ప్రియుడు

ఇంత తంటాలు పడేబదులు ఆయన డీజిలు కొనుక్కోవచ్చు.

మూడోఅంతస్తు

నేను తిరిగేది ఊళ్ళోనే. పనిముట్లపెట్టె గారు రాసింది చదివాక డీజిలు కొనను. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించుకుని, ఆ రిపోర్టుతో సంఘం సమావేశానికి వెళ్తాను.