గుంట మగ్గం, నడుం నొప్పి: టెన్స్ మిషన్ కొనాలా?

పుట్టపాక నేతన్న:
మాది పుట్టపాక. పడుగు (నిలువు) నూలుకీ, పేక (అడ్డం) నూలుకీ ముందే రంగులద్ది పూలు కలిపి నేసే డబుల్ ఇక్కత్ నేస్తాను. కాళ్లు గుంటలో, కళ్లు బట్ట మీద. పడుగు పూవు, పేక పూవు కలిశాయా లేదా అని పోగుపోగూ చూసుకోవాలి, ఇక నడుం ఎవరికి గుర్తుంటుంది? అన్నానికి లేవాలంటే గుంట అంచు పట్టుకుని ఊగితే గానీ లేవలేకపోతున్నా. నొప్పి మొలతాడు దగ్గర అడ్డంగా ఉంటుంది, కాళ్లలోకి దిగదు. డాక్టర్ చూసి కండరాల నొప్పే అన్నారు. బావమరిది టెన్స్ మిషన్ (ప్యాడ్లు అంటించి ఒంటికి చిన్న కరెంటు ఇచ్చేది) కొనమంటాడు, అమ్మ వేడినీళ్ల బ్యాగు చాలంటుంది. నడుం బెల్టు ఇంట్లో ఉంది. చీర దిగితేనే డబ్బులు, ఆలోచించి చెప్పండి.

నల్లగొండ ఫిజియో:
అన్నా, మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. అవేవీ లేకుంటే మిషన్ కొనకండి. చిన్న కరెంటుతో కాసేపు నొప్పి తెలియనివ్వదేమో, అంతే. దీర్ఘకాలిక నడుం నొప్పికి టెన్స్, బెల్టు వద్దనే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, వ్యాయామం చేయమంది. అమ్మ చెప్పిన కాపడం పెట్టుకోండి.
వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించండి. పది సార్లు చాలు. తర్వాత బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపండి. రోజంతా ముందుకే వంగుతారు కాబట్టి మీకు ఇదే ముఖ్యం. నొప్పి కాల్లోకి పాకితే ఆపేయండి.

గద్వాల మగ్గం:
నా దగ్గర టెన్స్ ఉంది తమ్మీ. పెట్టుకున్నంతసేపు హాయి, మగ్గమెక్కితే మళ్లీ అదే కథ. పైగా ప్యాడ్ల జిగురు పోతే కొత్తవి కొనాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే అసలు ముట్టుకోవద్దు. నాకు పనికొచ్చింది వేరే: కూర్చునే చోట గోనెసంచి మడతేసి తుంటి ఎత్తు పెంచా, పేక నూలు చుట్టిన కండెల గంప చేతికందకుండా గోడ పక్కన పెట్టా. కండె అయిపోతే లేవాల్సిందే.

పుట్టపాక నేతన్న:
కండెలు మా ఆవిడే అందిస్తుంది. గంప సంగతి చెబితే "ఈ ముక్క ముందే చెప్పేవాళ్లు లేకపోయారా" అంది! పోగును మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పే ఆసు పనికి చింతకింది మల్లేశం గారు మిషన్ కనిపెట్టి ఆడవాళ్ల భుజాలు కాపాడారు, మా నడుం వైపు ఇంకెవరు చూస్తారో. మేడం, ఇవి పొద్దున లేవగానే చేయొచ్చా?

నల్లగొండ ఫిజియో:
కాసేపు అటూఇటూ నడిచాక చేయండి. లేస్తూనే ముందుకు వంగే పనులు మాత్రం వద్దు, బకెట్ ఎత్తడం కూడా.