తొమొనొరి పద్యంలో ‘షిజుగొకొరొ’: తెలుగులో ఏమందాం?

హైదరాబాద్ నుంచి:

అందరికీ నమస్కారం. కలిసి చదువుకున్న స్నేహితురాళ్ళం కొందరం ఈ వసంతంలో జపాన్ చూసొచ్చాం. మాలో ఒకామె టోక్యోలో ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ ఆఫీసులో పనిచేసే జపాన్ అమ్మాయి మమ్మల్ని ‘హనమి’కి పిలిచింది. హన అంటే పువ్వు, మి అంటే చూడటం. సకుర (చెర్రీ) చెట్ల కింద నీలం పట్టా పరుచుకుని, తెచ్చుకున్నవి తింటూ, పొద్దు వాలేదాకా కబుర్లు చెప్పుకున్నాం. గాలి వీచినప్పుడల్లా రేకులు మా అన్నం డబ్బాల్లో పడుతున్నాయి. అప్పుడా అమ్మాయి తొమొనొరి అనే పాత జపాన్ కవి పద్యం ఒకటి చదివింది. మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాను:

హిసకత నొ
హికరి నొదొకెకి
హరు నొ హి ని
షిజుగొకొరొ నకు
హన నొ చిరురము

ఇంత నెమ్మదైన వెలుగున్న వసంతపు రోజున, పూలు మాత్రం ‘షిజుగొకొరొ’ లేకుండా రాలిపోతున్నాయట. షిజు అంటే నెమ్మది, కొకొరొ అంటే మనసు అని చెప్పింది. నేను ‘ప్రశాంతచిత్తం’ అని రాసుకున్నాను గానీ పద్యం పక్కన పెడితే బరువుగా ఉంది. ఇంకో సందేహం. ఇంటికొచ్చాక ఇంగ్లిష్‌లో వెతికితే దీన్ని దుఃఖపు పద్యం అన్నవాళ్ళే ఎక్కువ. ఆ అమ్మాయి చదివేటప్పుడు ముఖంలో దుఃఖమేమీ లేదు, నవ్వుతూనే చదివింది. పెద్దలు చెప్పాలి.

తెనాలి నుంచి:

మంచి పద్యం తెచ్చావమ్మా. మన పెద్దలు బతుకును నీటిబుడగ అన్నారు, వాళ్ళు పువ్వు అన్నారు. బౌద్ధం మన కృష్ణా తీరంలోనూ వెలిగింది, చైనా కొరియాల మీదుగా అక్కడికీ చేరింది. అనిత్యం అనే ఊహ రెండుచోట్లా ఒకటే. ‘ప్రశాంతచిత్తం’ వద్దు, ‘శాంతి’ చాలు. ‘అయ్యో, శాంతి లేక పూలు రాలెనే’ అని ముగిస్తే కరుణ నిండుగా పలుకుతుంది.

నిషికసాయి, టోక్యో నుంచి:

మాస్టారికి నమస్కారం. చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఈ పద్యమంటే నాకు ప్రాణం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, మన్నించండి. మీరు చెప్పిన అనిత్యం ఈ పద్యంలో లేదని అనను. కానీ ఆ ‘అయ్యో’ మాత్రం లేదు. దాన్ని మనం చేరిస్తే పద్యం వేరేది అవుతుంది.

కి నొ తొమొనొరి 905 ప్రాంతంలో కూర్చిన ‘కొకిన్‌షూ’ అనే రాజాస్థాన సంకలనకర్తల్లో ఒకరు. ఆ పని పూర్తికాకముందే చనిపోయారు. పద్యం వసంత భాగంలో ఉంది. ‘సకుర పూలు రాలుతుంటే చెప్పినది’ అని మాత్రమే పైన చిన్న ముక్క ఉంటుంది. పద్యంలో సకుర అనే మాటే లేదు, ‘హన’ అనే ఉంది. అంతకుముందు, 8వ శతాబ్దపు నారా కాలంలో, చైనా నుంచి వచ్చిన ‘ఉమె’ (జపాన్ ప్లమ్) పూల మీద మోజు ఎక్కువ. ఆ కాలపు మాన్యోషూ సంకలనంలో సకుర పద్యాల కన్నా ఉమె పద్యాలే చాలా ఎక్కువ. తర్వాత తొమొనొరి బతికిన హెయన్ కాలానికి వట్టిగా ‘పువ్వు’ అంటే సకుర అనే స్థితి వచ్చింది. 812లో సగ చక్రవర్తి క్యోటోలోని షిన్‌సెన్ తోటలో పూల విందు చేశాడని రాజచరిత్రలో ఉంది. అంటే తొమొనొరి నాటికే పూలు చూడటమంటే నలుగురు కూడటం, తినడం, తాగడం, పద్యం చెప్పడం.

ఇప్పుడు పద్యం లోపలికి వద్దాం. మొదటి పాదం ‘హిసకత నొ’ ఆకాశానికి, వెలుగుకు, చంద్రుడికి ముందు వచ్చే సంప్రదాయ విశేషణం. దానికి అర్థం చెప్పడం కష్టం, ఆ వెలుగు నింగి నుంచి దిగుతోందన్న స్ఫురణ చాలు. ‘నొదొకెకి’ అంటే తొందర లేని, గాలీ వానా లేని, ఎండ ఒళ్ళు విప్పుకుని కూర్చున్న నెమ్మది. ఆ నెమ్మది మధ్యలో ఒక్క పూలకే తొందర. చివరి ‘రము’ ఊహను తెలిపే ప్రత్యయం. కళ్ళముందు జరుగుతున్నదాన్ని చూస్తూ దాని లోపల ఏముందో అనుకోవడం. ‘ఎందుకు’ అనే మాట పద్యంలో ఎక్కడా లేదు, వ్యాఖ్యాతలు చాలామంది దాన్ని చేర్చుకుని చదువుతారు. అయ్యో అనడానికి కూడా మాట లేదు. చూస్తూ ఉన్న మనిషి ఆశ్చర్యం మాత్రమే ఉంది.

ఇంకొక సంగతి మన ఛందస్సు తెలిసినవాళ్ళకు వెంటనే తడుతుంది. పాదాలకు 5, 7, 5, 7, 7 మాత్రలు. ఈ పద్యంలో ఒక్క గురువు లేదు, ముప్పై ఒక్కటీ లఘువులే. పైగా అయిదు పాదాల్లో నాలుగు హకారంతోనే మొదలవుతాయి: హిసకత, హికరి, హరు, హన. ఒక్క నాలుగో పాదం, ‘షిజుగొకొరొ’ ఉన్నది, ఆ వరస తప్పుతుంది. నెమ్మది లేదన్న మాట వచ్చే చోటే శబ్దం దారి మారింది. పైకి చదివి చూడండి, ఏడుపు గొంతుతో చదవలేరు.

మీ జపాన్ స్నేహితురాలికి ఇది కంఠస్థం కావడంలో వింత లేదు. వంద మంది కవుల పద్యాల సంకలనం ‘ఒగుర హ్యకునిన్ ఇష్షు’లో ఇది 33వది. కొత్త సంవత్సరానికి పిల్లలు ఆ పద్యాల పేకముక్కలతో ఆడతారు. పై మూడు పాదాలు ఒకరు చదవగానే కింది రెండు పాదాలున్న ముక్కను ఎవరు ముందు కొడితే వాళ్ళది. ఆ పరుగులో నేర్చుకున్న పద్యం జీవితాంతం నోట్లో ఉంటుంది.

షిజుగొకొరొకు నా మాట ‘కుదురు’. కుదురులేని పిల్లాడు, మనసు కుదురుగా లేదు అంటాం కదా. ‘ప్రశాంతచిత్తం’ ముని పక్కన కూర్చుంటుంది, ‘కుదురు’ మన పక్కన కూర్చుంటుంది.

తెనాలి నుంచి:

నాయనా, ‘అయ్యో’ వెనక్కి తీసుకుంటున్నాను. ‘కుదురు’ విషయంలో నువ్వు అనుకున్నదానికన్నా పెద్ద మాటే పట్టావు. పాత నిఘంటువుల్లో కుదురు అంటే చెట్టు పాదు కూడా. నీళ్ళు నిలవడానికి మొదలు చుట్టూ కట్టేది. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టనూ కుదురే అంటాం. కాబట్టి చెట్టు నుంచి విడిపోయే పువ్వుకు ‘కుదురు లేదు’ అంటే మనసూ చెట్టూ రెండూ ఒకే మాటలో పలుకుతాయి. జపనీస్‌లో లేని అందం ఇది, తెలుగు తనవంతుగా ఇచ్చింది. అనువాదంలో అలాంటిది దొరికితే వదులుకోకూడదు.

నూజివీడు నుంచి:

గురువుగారూ, ‘రాలు’ అనే క్రియ గురించి ఒక మాట. మాది మామిడి తోటల ఊరు. ‘పూత రాలింది’ అంటే మా ఇళ్ళల్లో ఆ పూట అన్నం దిగదు. మంచు పట్టినా, వాన పడినా, తేనెమంచు పురుగు సోకినా పూత పోతే ఏడాది ఆదాయం పోయినట్టే. తెలుగువాళ్ళకు ఈ పద్యం దుఃఖంగా వినపడటానికి వేదాంతం కన్నా ఇదే పెద్ద కారణమేమో. పూత తర్వాత పిందె, పిందె తర్వాత కాయ. నిలవాల్సింది రాలిపోతే నష్టం. మరి సకురకు కాయ సంగతేమిటి?

నిషికసాయి, టోక్యో నుంచి:

అన్నా, ఇంత సూటి మాట ఈ పద్యం మీద నేనెక్కడా చదవలేదు. పార్కుల్లో ఎక్కువగా కనిపించే ‘సొమెయ్ యొషినొ’ రకం పండు కోసం పెంచేది కాదు. అది షోగున్లు (సైనిక పాలకులు) ఏలిన ‘ఎదో’ కాలం చివర్లో, 19వ శతాబ్దంలో, ఇప్పటి టోక్యోలో కలిసిపోయిన సొమెయ్ అనే ఊరి తోటమాలుల ద్వారా వ్యాపించింది. అన్నీ అంటుమొక్కలే, అంటే ఒకే చెట్టుకు నకళ్ళు. అందుకే ఒక ప్రాంతంలో అన్నీ ఒక్కసారిగా పూస్తాయి, ఒక్కసారిగా రాలుస్తాయి. ఆకు రాకముందే పూయడం వల్ల చెట్టంతా పువ్వే. తొమొనొరి చూసింది ఇది కాదు, కొండ సకుర. దాని లేత ఎర్రటి చిగురు పూలతో పాటే వస్తుంది, చెట్టు చెట్టుకూ రోజులు మారతాయి.

క్రియల సంగతి చెప్పాలి. ఇక్కడ ఒక్కో పువ్వుకు ఒక్కో క్రియ ఉంది. సకుర ‘చిరు’, అంటే చెదిరిపోతుంది. ఉమె ‘కొబొరెరు’, నిండిన గిన్నెలోంచి ఒలుకుతుంది. పువ్వు పువ్వుగా ఊడే త్సుబకి ‘ఒచిరు’, అంటే పడుతుంది. పెద్ద రేకుల బొతన్ ‘కుజురెరు’, కూలుతుంది. మనకు రాలడం, ఒలకడం, చెదరడం, వాడడం అన్నీ ఉన్నాయి గానీ పువ్వుల వారీగా పంచుకోలేదు. ‘చెదరు’ వాడితే మీ తోట నష్టం వినపడదు. కానీ తెలుగులో పూలు రాలతాయి, చెదరవు. అందుకని నేను ‘రాలు’నే ఉంచుతాను, పక్కనున్న మాటలతో దాని బరువు తగ్గిస్తాను.

నష్టం కాదు అనడానికి నాకు దొరికిన రుజువు 2025 ఉగాది. ఆ ఏడాది పండుగ మార్చి 30, ఆదివారం. టోక్యోలో సకుర నిండుగా పూసిందని వాతావరణ సంస్థ ప్రకటించింది కూడా అదే రోజు. యసుకుని మందిరం ఆవరణలో ఒక గుర్తు చెట్టు ఉంటుంది. దాని మీద అయిదారు పూలు విచ్చితే ‘కయ్‌క’, పూత మొదలైనట్టు. ఎనభై శాతం విచ్చితే ‘మన్‌కయ్’. విశ్వావసు సంవత్సరాది, సకుర మన్‌కయ్ ఒకేనాడు! మా తెలుగు స్నేహితులం, మాతో పనిచేసే జపాన్ మిత్రులం కలిసి టోక్యోలోని అసుకయమ గుట్టకు వెళ్ళాం. 18వ శతాబ్దంలో ఎనిమిదో షోగున్ యొషిమునె అక్కడ సకుర నాటించి సామాన్యులకు వదిలాడు. అదే ఊళ్ళో సకురకు పేరున్న ఉఎనొలో గుడి నేల కావడంతో పాటలకు, తాగుడుకు అడ్డు ఉండేది. ఇక్కడ ఆ అడ్డు లేదు. అంటే ఆ గుట్ట పుట్టిందే సరదా కోసం.

కుర్రాళ్ళు తెల్లవారుజామునే వెళ్ళి పట్టా పరిచి చోటు పట్టారు, దానికి ‘బషొతొరి’ అని పేరు. చెప్పులు విప్పి పట్టా మీదకు రావడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మేం దొరికినవాటితో చేసుకెళ్ళిన ఉగాది పచ్చడి వాళ్ళు తిన్నారు. వాళ్ళు తెచ్చిన మూడు రంగుల దంగొ మేం తిన్నాం. పుల్లకు గుచ్చిన తీపి ఉండ్రాళ్ళనుకోండి. ‘హన యొరి దంగొ’, పువ్వు కన్నా దంగొ నయం, అని సామెత కూడా ఉంది. చలిగా ఉంది, దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పూలవేళ వచ్చే ఆ చలికి ‘హనబియె’ అని పేరు. మా గుంపులో పిల్లలు నేల మీద పడకముందే రేకును పట్టుకోవాలని పరుగెత్తుతున్నారు. కొమ్మ మీది పువ్వును ఎవరూ ముట్టరు. మన కావ్యాల్లో ఉద్యానవిహారమంటే పూలు కోయడం, పుష్పాపచయం. ఇక్కడ కొమ్మ విరవడం పెద్ద తప్పు, రాలిన పువ్వే మనిషి చేతికి అందే పువ్వు. ఆ రోజు పిల్లల కేకల మధ్య ఈ పద్యం గుర్తొచ్చినప్పుడు నాకు అర్థమైంది ఇది: పూలకు కుదురు లేకపోవడం మీద కవికి ఫిర్యాదు లేదు. అవి అలా రాలుతుంటేనే ఈ నలుగురం ఇవాళే, ఇక్కడే కూడాం. వచ్చేవారం చూద్దాంలే అనుకునే వీలుంటే సగం మంది ఇంట్లోనే ఉండేవాళ్ళు.

హైదరాబాద్ నుంచి:

అన్నయ్యా, మీ జవాబు మా స్నేహితురాళ్ళందరికీ పంపాను. క్యోటోలో తత్వవేత్తల బాట పక్కన కాలువలో రేకులు గుంపుగా తేలుతుంటే ఒక పేరు చెప్పారు, మర్చిపోయాను. మాస్టారూ, మీరు అయిదు పాదాల్లో ఒకసారి తెలుగు చేసి పెట్టరూ?

తెనాలి నుంచి:

మాత్రల లెక్క తప్పకుండా ప్రయత్నించానమ్మా:

మింట తెలి
వెలుగు నెమ్మది
ఆమనిని
కుదురె లేకను
పూలు రాలునొ

5, 7, 5, 7, 7 సరిపోయాయి. లఘువులన్నీ కుదరలేదు, హకారాల వరసా రాలేదు. ‘ఎందుకు’ పెట్టలేదు, ‘అయ్యో’ పెట్టలేదు.

నిషికసాయి, టోక్యో నుంచి:

మాస్టారూ, ‘రాలునొ’లో ఆ చివరి ‘ఒ’ ఉంది చూశారా, అది ‘రము’ చేసే పని సరిగ్గా చేస్తోంది. ‘ఆమనిని’ ఒక్కటే కొంచెం బిగువుగా ఉంది. ‘హరు నొ హి’ అంటే వసంతంలో ఒక పగలు. ఆ ‘పగలు’ పోయింది. అయిదు మాత్రల్లో అది పట్టే దారి ఎవరికైనా తోస్తే రాయండి.

చెల్లెమ్మా, ఆ పేరు ‘హనఇకద’. ఇకద అంటే తెప్ప. ‘పూల తెప్ప’ అంటే మాటకు మాట సరిపోతుంది, తెప్పోత్సవాలు చూసిన మనకు విడమరచి చెప్పే పనీ లేదు. మళ్ళీ అమ్మానాన్నలతో వచ్చే ఉద్దేశముంటే, మార్చి చివరన సెలవు దొరకకపోయినా బెంగపడకండి. పూత దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతూ హొక్కయ్‌దో చేరేసరికి ఏప్రిల్ చివరో మే నెలో వస్తుంది. ఏప్రిల్ చివర్లో అయితే ఉత్తరాన హిరొసకి కోట కందకంలో నీళ్ళు కనపడనంత పూల తెప్ప చూడొచ్చు. ఏప్రిల్ మొదట్లో అయితే నారా దగ్గర యొషినొ కొండ మంచిది. అక్కడ కింద మొదలైన పూత రోజులు గడిచేకొద్దీ పైకి ఎక్కుతుంది, కాబట్టి రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పైగా అవి తొమొనొరి చూసిన జాతి కొండ సకురలే. ఎక్కడానికి మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళుంటే ముందే చెప్పండి, బస్సు ఎంతవరకు వెళ్తుందో కనుక్కుని రాస్తాను.