అనువాదంలో "అతను", "ఆమె" ఎక్కడ తీసేయాలి, ఎక్కడ ఉంచాలి?

సబ్‌టైటిల్_పని:
ఇంగ్లీషు డాక్యుమెంటరీలకు తెలుగు సబ్‌టైటిళ్ళు రాస్తున్నాను. మూలంలో ప్రతి వాక్యానికీ ఒక హీ, షీ, ఇట్ ఉంటుంది. అన్నిటికీ అతను, ఆమె, అది పెడితే తెలుగు కుంటుతుంది. అన్నీ తీసేస్తే ఎవరు ఏం చేశారో తెలియకుండా పోతుంది. "క్రియ చివరి ప్రత్యయమే చెప్పేస్తుంది కాబట్టి కర్తను వదిలేయొచ్చు" అని వ్యాకరణంలో చదివిందే. మరి "రాలేదు" అన్నప్పుడు ప్రత్యయం ఏమీ చెప్పదు కదా? అక్కడ కూడా "నేను" లేకుండానే మాట్లాడుకుంటున్నాం. అసలు నియమం ఏమిటి? పనికొచ్చేలా చెప్పగలరా?

ఆఖ్యాతం:
అనుమానం సరైనదే. ప్రత్యయం చేసేది సగం పనే. అది ఎక్కడ చెబుతుందో, ఎక్కడ చెప్పదో ముందు తేల్చుకోండి.

వచ్చాను, వచ్చావు, వచ్చాడు: వీటితో పేచీ లేదు. చిక్కంతా మిగతావాటితోనే. "వచ్చింది" అంటే అమ్మ కావచ్చు, బస్సు కావచ్చు, కుక్క కావచ్చు. "వచ్చారు" అంటే మీరు, వాళ్ళు, ఆయన, ఆవిడ, ఎవరైనా సరే. "వెళ్తాం" అంటే మేమా, మనమా తెలియదు ("వెళ్దాం" అంటే మాత్రం మనమే). "రావు" అంటే నువ్వూ రావు, అవీ రావు.

వీటి తర్వాత, పురుష (నేనా, నువ్వా, అతనా అన్న తేడా) అసలే పలకని రూపాలున్నాయి: చేయలేదు, చేయాలి, చేయకూడదు, చేయవచ్చు. భవిష్యత్తులో రాను, రావు, రాడు అని వ్యతిరేకంలోనూ తేడా చూపించే భాష, జరిగిపోయిన దానికి వచ్చేసరికి అందరికీ కలిపి ఒక్క "రాలేదు" పెట్టి ఊరుకుంది.

ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి:

రవి బస్సు కోసం చూస్తున్నాడు. అరగంటకి వచ్చింది.
సీత బస్సు కోసం చూస్తోంది. అరగంటకి వచ్చింది.

మొదటిదానిలో వచ్చింది బస్సే, సందేహం లేదు. రెండోదానిలో పాఠకుడు ఒక్క క్షణం ఆగుతాడు, ఎందుకంటే సీతకీ బస్సుకీ ఒకటే ప్రత్యయం. ఇంగ్లీషులో షీ, ఇట్ వేరు కాబట్టి మూలం రాసినవాళ్ళకి ఈ బాధ లేదు. మీ తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయని నా అంచనా.

క్రియ లేని వాక్యాల సంగతి కూడా చెప్పాలి. "తెలుగువాళ్ళం", "మంచివాడివి" అన్నప్పుడు నామమే పురుషను మోస్తుంది, కర్త అక్కర్లేదు. కానీ "డాక్టర్ని" దగ్గర జాగ్రత్త. అది "నేను డాక్టర్ని" కావచ్చు, "డాక్టర్ని పిలిచారు"లో కర్మ కూడా కావచ్చు. సబ్‌టైటిల్ రెండు తెరలుగా విరిగితే మొదటి తెర మీద ఒంటరి "డాక్టర్ని" తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ "నేను" ఉంచండి.

వాక్యమిత్ర:
పైన చెప్పినవి ఒప్పుకుంటాను గానీ, ప్రత్యయం నుంచి మొదలుపెట్టడమే నాకు నచ్చలేదు. ఆ వాదానికి బలమంతా ఇటాలియన్ లాంటి భాషల నుంచి వచ్చింది. అక్కడ మాట్లాడుతాను, మాట్లాడుతావు వగైరాలకి పార్లో, పార్లి, పార్లా, పార్లియామో, పార్లాతే, పార్లనో అని ఆరూ వేరువేరుగా వినబడతాయి, సర్వనామం లేకుండానే నడుస్తుంది. ఫ్రెంచిలో రాతలో తేడాలున్నా, చెవికి ఏకవచనం మూడూ, ప్రథమ పురుష బహువచనమూ (వాళ్ళు) ఒక్కటే "పార్ల్". అక్కడ సర్వనామం తప్పనిసరి. ఇదంతా చక్కగా అమరినట్టే ఉంటుంది, మలయాళం చూసేవరకు.

తమిళంలో వందేన్, వందాయ్, వందాన్ (వచ్చాను, వచ్చావు, వచ్చాడు) అని తేడా ఉంది. మలయాళం ఆ ప్రత్యయాలను పోగొట్టుకుంది. ఇప్పుడు నేనైనా, నువ్వైనా, అతనైనా "వన్ను" ఒక్కటే. ఫ్రెంచి దారిలోనే వెళ్ళి ఉంటే ఇవాళ మలయాళీలు ప్రతి వాక్యంలోనూ "ఞాన్" (నేను) అనాల్సింది. అనరు. సందర్భం తెలిస్తే హాయిగా వదిలేస్తారు. జపనీస్, చైనీస్ కూడా అంతే, పైగా కర్మను కూడా వదిలేస్తాయి. హిందీలో "రోటీ ఖాయీ" (రొట్టె తిన్నాను)లో క్రియ రోటీని బట్టి మారుతుంది, తిన్నది ఎవరో అది చెప్పదు. అయినా "మైఁనే" (నేను) లేకుండా అంటారు.

మధ్యరకం భాషలూ ఉన్నాయి. హీబ్రూలో భూత, భవిష్యత్ కాలాల్లో నేను, నువ్వు వదిలేయొచ్చు గానీ అతను, ఆమె విషయంలో అంత స్వేచ్ఛ లేదు. ఫిన్నిష్‌లో ప్రథమ పురుష సర్వనామం ఊరికే తీసేస్తే "ఎవరైనా సరే" అనే అర్థం వచ్చేస్తుంది.

ఇంగ్లీషును మామూలు భాషగా, మనల్ని వింతగా చూసే అలవాటు ఒకటుంది. భాషాశాస్త్రవేత్త మాథ్యూ డ్రయర్ ప్రపంచ భాషల అట్లాస్ కోసం 711 భాషలు పోల్చితే, కర్తృస్థానంలో సర్వనామం తప్పనిసరి అయినవి 82. వింత వాళ్ళదే.

కాబట్టి నా మాట ఇది: కర్తను వదిలించేది ప్రత్యయం కాదు, ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో ఇద్దరికీ తెలిసి ఉండటం. తెలుగులో ప్రత్యయం సరిచూసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఆఖ్యాతం:
ఒప్పుకున్నాను. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని కూడా మీ పక్షమే. 1.4.105 సూత్రంలో మధ్యమ పురుష విధిస్తూ "స్థానిన్యపి" అని చేర్చాడు. అంటే "నువ్వు" అనే మాట పైకి వినబడకపోయినా సరే. కర్త మనసులో ఉంటే చాలు, ప్రత్యయం దాన్ని అనుసరిస్తుంది.

సబ్‌టైటిల్_పని:
ఒక నమూనా పెడుతున్నాను. పురావస్తు తవ్వకం, మూలాన్ని వాక్యానికి వాక్యం తెచ్చాను:

"ఆమె గుంటలోకి దిగింది. ఆమె బ్రష్ తీసుకుంది. ఆమె మట్టి తుడిచింది. అది బయటపడింది. ఆమె దాన్ని పైకి తీయలేదు."

దీన్ని ఎలా సరిచేస్తారు?

ఎడిటింగ్_టేబుల్:
నేనైతే ఇలా: "గుంటలోకి దిగి, బ్రష్ తీసుకుని మట్టి తుడిచింది. కుండ బయటపడింది. పైకి మాత్రం తీయలేదు." (ఆమె ఎవరో ముందు తెరలో చెప్పేశారనీ, బయటపడింది కుండ అనీ అనుకుంటున్నాను. లేకపోతే మొదట్లో పేరు ఉండాలి.)

మూడు పనులు జరిగాయి. ఒకే మనిషి వరసగా చేసిన పనులు "ఇ"కారాంత రూపాల్లోకి వెళ్ళాయి. దానితో రెండు "ఆమె"లు వాటంతటవే పోయాయి. ఈ రూపం వాడాలంటే రెండు పనులకీ కర్త ఒకరే ఉండాలి. "అమ్మ అన్నం పెట్టి పిల్లాడు తిన్నాడు" కుదరదు, "పెడితే" గానీ "పెట్టాక" గానీ కావాలి. "వాన పడి గోడ కూలింది" లాంటివి చెల్లుతాయి, అక్కడ మొదటిది రెండోదానికి కారణం.

రెండోది, "అది" స్థానంలో కుండ. ఆమె, కుండ ఇద్దరికీ "ఇంది" ప్రత్యయమే కాబట్టి సర్వనామం ఇక్కడ సాయం చేయదు, పేరే పెట్టాలి. చూపు మారిన చోట "అది", "అతను" అని గుడ్డిగా ఉంచడం కన్నా నామం మళ్ళీ చెప్పడం మేలు.

మూడోది, "తీయలేదు"లో పురుష లేదు, అయినా నష్టం లేదు. తీయగలిగింది మనిషే, కుండ కాదు. అదే "కదల్లేదు" అని ఉంటే? కుండా, ఆమెనా? అప్పుడు కర్త చెప్పి తీరాలి. లేదు, ఆలి, కూడదు, వచ్చు కనబడ్డ ప్రతి చోటా ఈ ప్రశ్న వేసుకోండి.

గౌరవవాచకాల్లో ఇంకో గొయ్యి ఉంది. "నాన్నగారు డాక్టరుగారిని కలిశారు. రేపు రమ్మన్నారు." ఎవరు రమ్మన్నారు? "ఆయన రేపు రమ్మన్నారు" అంటే చాలామందికి డాక్టరుగారే తోస్తారు, ఎందుకంటే నాన్నగారి గురించే అయితే ఆ మాట అక్కర్లేదు. ఇటాలియన్‌లోనూ ఇదే ధోరణిని 2002లో కార్మినాటి అనే భాషా పరిశోధకురాలు చూపించింది: వదిలేస్తే వెనకటి కర్త, పైకి అంటే మరొకరు. అందుకే అక్కర్లేని "అతను" ఒట్టి బరువు మాత్రమే కాదు, కొన్నిసార్లు మనిషినే మార్చేస్తుంది.

వాక్యమిత్ర:
అసలు తీయకూడనివి: "ఎవరు చేశారు?"కి జవాబు, "నేనూ వస్తాను"లో లాగా "కూడా" అనే అర్థం అంటుకున్నది, "వాడు వెళ్ళాడు, నేను వెళ్ళలేదు" లాంటి పోటీ. అసలు పెట్టకూడనివి: తెల్లారింది, ఉక్కపోస్తోంది. ఇంగ్లీషు ఇట్ చూసి వీటికి "అది" తగిలిస్తే నవ్వుతారు.

ఊకొట్టు:
ఒకటి మిగిలింది. ఆకలేస్తోంది, అర్థమయింది, తెలియదు లాంటివాటిలో "నాకు", "నీకు" వదిలేస్తే మామూలు వాక్యంలో మాట్లాడేవాడికి, ప్రశ్నలో వినేవాడికి చెందుతాయి: "అర్థమయింది" అంటే నాకు, "అర్థమయిందా?" అంటే నీకు. మూడో మనిషి గురించి అయితే, అప్పటికే అతని గురించి మాట నడుస్తుండాలి, లేదా "అతనికి" అని చెప్పాలి. వ్యాఖ్యాత గొంతులో వచ్చే సబ్‌టైటిల్‌లో ఉత్త "ఆకలేస్తోంది" అని రాస్తే, ఆకలి తెర మీద పులికి కాక వ్యాఖ్యాతకి అంటుకుంటుంది.