బయటికొచ్చి ఏడు నెలలు, భయం ఇంకా పోలేదు

తెల్లవారుజాము:
తొమ్మిదేళ్లు ఒక ఆధ్యాత్మిక గ్రూపులో ఉండి, ఏడు నెలల కిందట బయటికొచ్చాను. "వదిలి వెళ్లినవాళ్లకు సర్వనాశనమే" అనేవారు. ఆ మాట గుర్తొచ్చి ఇప్పటికీ అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాను. ఇది ఎప్పటికి తగ్గుతుంది? ఇంటర్వ్యూల్లో ఆ తొమ్మిదేళ్ల గురించి ఏం చెప్పాలి? లోపలున్న స్నేహితురాలు "గుర్తొస్తున్నావు" అని మెసేజ్ పెట్టింది. జవాబివ్వనా?

పాతగాయం:
ఇవ్వకండి. నేను ఇచ్చాను. చేరిన కొత్తలో ఎంత ప్రేమ కురిపించారో, బయటికొచ్చిన నెలకి మళ్లీ అంతే కురిపించారు. కరిగిపోయి వెనక్కి వెళ్లాను. మూడో వారంలోనే అందరి ముందూ నిలబెట్టి, బయట ఏమేం తప్పులు చేశానో నా నోటితోనే చెప్పించారు. అంతకుముందు నమ్మి చెప్పుకున్నవన్నీ రాసిపెట్టుకున్నారని అప్పుడే తెలిసింది. ఇంకో రెండేళ్లు పోయాయి. బ్రెయిన్ వాష్, ఇంకేమీ కాదు.

సూటిమాట:
ఆ బ్రెయిన్ వాష్ అన్న మాట వింటేనే నాకు మండుతుంది. నేను పదకొండు మందిని చేర్పించాను. ఆ రోజుల్లో నా బుర్ర నాది కాదంటే వాళ్లకి ఏం సమాధానం చెప్పాలి? శాస్త్రం ముందు కూడా ఆ వాదన నిలబడలేదు. దీని మీద వచ్చిన నివేదికని 1987లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ బోర్డు ఒకటి, శాస్త్రీయమైన పట్టు లేదని తిరస్కరించింది.

పదిహేనేళ్లుగా_సాయం:
సగమే చెప్పారు. ఈ విషయంలో ఒక వైఖరి తీసుకునేంత సమాచారం తమ దగ్గర లేదని కూడా అదే బోర్డు రాసింది. బయటికొచ్చినవాళ్లతో పదిహేనేళ్లుగా కూర్చుంటున్నాను, ఇవన్నీ చదివే మాట్లాడుతున్నాను. అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ మనసుల్ని ఇలా లొంగదీసే పద్ధతికి 1961లోనే ఎనిమిది లక్షణాలు చెప్పాడు. బయటి సమాచారం చేరకుండా చూడటం, తప్పులు ఒప్పించడం, సందేహం రాగానే ఒక్క ముక్కతో నోరు మూయించే మాటలు, తమవాళ్లు కానివారికి ఉనికే లేదన్నట్టు చూడటం, ఇలా. పాతగాయం గారికి జరిగింది అక్షరాలా ఆ ఒప్పుకోలు పద్ధతే.

సూటిమాట:
లక్షణాలు నేనూ చదివాను. నేనడిగింది ఆ పదకొండు మంది గురించి.

పాతగాయం:
అయితే నాకు జరిగినదానికి నేనే బాధ్యురాలినా? రోజుకి నాలుగు గంటలు పడుకోనిస్తే గొప్ప. ఆ నిద్రతో ఏం ఆలోచిస్తాం? మీరు చేర్పించినవాళ్లలో నాలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు.

సూటిమాట:
ఉన్నారు. అందుకే నాకు నిద్ర పట్టదు. మిమ్మల్ని అనలేదు, నొప్పించి ఉంటే క్షమించండి.

గడువుదాటింది:
మా నాయకుడు లోకం అంతమయ్యే తేదీ చెప్పాడు. ఉద్యోగం మానేశాను. తేదీ దాటిపోయింది. ఆ మర్నాటి నుంచి ఇంకా గట్టిగా నమ్మాను! నేను పిచ్చిదాన్నేమో అని ఏళ్లపాటు కుమిలిపోయాను. 1954 డిసెంబరు 21న మహా వరద వస్తుందని నమ్మిన ఒక అమెరికా గ్రూపులో లియన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వవేత్త బృందం చేరి దగ్గర నుంచి చూసిందట. వరద రాలేదు. అప్పటిదాకా ప్రచారానికి దూరంగా ఉన్నవాళ్లే పత్రికలకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారని ఆ బృందం రాసింది. అది చదివాక ఊపిరి ఆడింది. అన్నీ వదులుకున్నాక, వదులుకున్నది ఊరికే అని ఒప్పుకోవడం ఎవరి తరం?

తెల్లవారుజాము:
దయచేసి ఆ రాత్రి భయం గురించి ఎవరైనా చెప్పండి. టెన్షన్‌తో పగలు కూడా పని సాగడం లేదు.

కొత్తగాలి:
నాకు పదహారు నెలలు పట్టింది. భయం వచ్చినప్పుడల్లా ఆ మాట ఎవరన్నారు, ఏ రోజు, నేను ఏం అడిగితే అన్నారు అని నోట్‌బుక్‌లో రాశాను. ప్రతిసారీ నేనేదో ప్రశ్న అడిగిన రోజే అని తేలింది. పగటి పని కూడా ఆగిపోతోందంటే ఆలస్యం చేయకండి, ట్రామా మీద పనిచేసే థెరపిస్ట్‌ని కలవండి. ఇంటర్వ్యూలో నేను "ఒక సంస్థలో కార్యక్రమాల ఏర్పాట్లు చూశాను" అన్నాను. అది నిజమే.

పాతగాయం:
మా అమ్మ ఇంకా లోపలే ఉంది. నన్ను వెలివేశారు కాబట్టి ఫోన్ ఎత్తదు. ఎత్తితే ఆవిడనీ వెలివేస్తారు. అమ్మ మీద కోపం తెచ్చుకోలేను, తెచ్చుకోకుండా ఉండలేను.

తెల్లవారుజాము:
ఒక మాట ముందు రాయలేదు. ఆ స్నేహితురాలిని చేర్పించింది నేనే.

సూటిమాట:
అయితే జవాబివ్వండి. గ్రూపు గురించి మాత్రం ఒక్క ముక్క వద్దు. నేను పదకొండు మందికీ గ్రూపుని తిడుతూ నాలుగేసి పేజీలు రాశాను. ఇద్దరు ఆ ఉత్తరాలు తీసుకెళ్లి పెద్దల చేతిలో పెట్టారు, మిగతావాళ్లు పలకలేదు. ఈ ఏడాది ఒకావిడకి "మోకాలి నొప్పి తగ్గిందా?" అని మాత్రం అడిగాను. రెండు నెలలకి "తగ్గలేదు" అని వచ్చింది. ఇప్పుడు నెలకోసారి రాసుకుంటున్నాం.