దగ్గుకీ జలుబుకీ వీడియో డాక్టర్ చాలా?

మియాపూర్ అమ్మ:
ఇంట్లో మూడు రోజులుగా ఇదే పంచాయితీ. మీరే తీర్పు చెప్పండి. మా బాబుకి నాలుగేళ్ళు. సోమవారం రాత్రి ముక్కు కారడం, దగ్గు, 101 జ్వరం. బయట వాన. క్లినిక్‌కి వెళ్తే దగ్గే పిల్లలు ఇంకో పదిమంది మధ్యలో రెండు గంటలు కూర్చోవాలి. అందుకని ఒక యాప్‌లో 399 కట్టి వీడియోలో చూపించాను. డాక్టర్ గారు మర్యాదగానే మాట్లాడారు, నాలుగు నిమిషాలు. వాడి మొహం ఒకసారి చూపించమన్నారు. వాడేమో బల్ల కిందికి దూరాడు. "సరే, పర్లేదు" అన్నారు. చీటీ వచ్చేసింది: అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ కలిసిన సిరప్, మళ్ళీ ఇంకో దగ్గు సిరప్, పారాసిటమాల్.

మా అత్తయ్య: "ఛాతీ మీద గొట్టం పెట్టకుండా నెమ్ము చేసిందో లేదో ఎలా తెలుస్తుందే?" మా ఆయన: "మామూలు రొంపకి హాస్పిటల్‌కి తీసుకెళ్తే లేని జబ్బు అంటించుకుని వస్తాడు." నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. మందులన్నీ కొన్నాను కానీ పారాసిటమాల్ తప్ప దేని మూతా తీయలేదు. చెప్పండి, ఇలాంటి వాటికి ఆన్‌లైన్ డాక్టర్ సరిపోతారా?

రిటైర్డ్ మాస్టారు, నరసరావుపేట:
జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అనేవారు మా నాన్నగారు. ఆ మాత్రం దానికి 399 ఎందుకమ్మా? మనిషిని ముట్టుకోకుండా చేసే వైద్యం మీద నాకు నమ్మకం లేదు. మీ అత్తగారి మాట వినండి.

తెల్లకోటు:
నేను పిల్లల డాక్టర్ని. హనుమకొండలో క్లినిక్ ఉంది, సాయంత్రాలు వీడియోలోనూ చూస్తాను. నా మాటలో కొంచెం స్వార్థం ఉందనుకునే చదవండి.

అత్తయ్యగారి ప్రశ్న సరైనదే. కాకపోతే దానికి జవాబు గొట్టం ఒక్కటే కాదు. ఐదేళ్ళ లోపు పిల్లల్లో నెమ్మును, అంటే న్యుమోనియాను, ముందు పట్టించేది ఊపిరి లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులున్నాయి. రెండు నెలలు నిండని పసివాళ్ళకి నిమిషానికి 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. లెక్క అక్కడికి చేరిందంటే అనుమానించాల్సిందే. ఇది వీడియోలో శుభ్రంగా కనిపిస్తుంది. నేనేం చేస్తానంటే, ఫోన్‌ని మంచినీళ్ళ గ్లాసుకి ఆనించమంటాను. బిడ్డ చొక్కా పైకి తీయమంటాను. పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి, పూర్తిగా అరవై సెకన్లు. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు లెక్క వస్తుంది. ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ లెక్కపెట్టకూడదు, నిద్రలో అయితే మరీ మంచిది. డొక్కలు ఎగరేస్తున్నాడా, ముక్కుపుటాలు అదురుతున్నాయా అన్నదీ ఆ నిమిషంలోనే తెలిసిపోతుంది. మీ యాప్ డాక్టర్ మొహం చూపించమన్నారు. చూడాల్సింది పొట్ట.

ఇక ఫోన్‌లో నాకు తెలియనివి చెప్తాను. చెవి లోపల ఏముందో తెలియదు. ఛాతీలో శబ్దాలు వినపడవు. గొంతు, టార్చి పట్టుకున్న అమ్మ ఓపికని బట్టి.

చీటీ సంగతి. జలుబు తెప్పించే వైరస్‌లు రెండొందల పైచిలుకు. అజిత్రోమైసిన్‌ వాటిని ఏమీ చేయలేదు. దగ్గు సిరప్ గురించి 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పనే చెప్పింది: రెండేళ్ళ లోపు ఇవ్వొద్దు, ఐదేళ్ళ లోపు మామూలుగా అక్కర్లేదు అని. ఏడాది దాటిన వాడే కాబట్టి పడుకునే ముందు చెంచాడు తేనె పట్టండి, ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. మీరు మూతలు తీయకపోవడమే ఈ కథలో జరిగిన మంచి వైద్యం.

మందుల షాపు, జనగామ:
డాక్టర్ సాబ్, మీరు చెప్పింది మంచిగనే ఉంది. గని నా కౌంటర్ కాడికొచ్చే ఆన్‌లైన్ చీటీలల్ల పొట్ట చూసి రాసినవి ఎన్నో మీరే చెప్పాలె. చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలని రూలు. కొన్నిట్ల ఉంటది, కొన్నిట్ల ఉండది. చాటింగ్‌ల నాలుగు ప్రశ్నలడిగి యాంటీబయాటిక్ రాసినయ్ సుత చూసిన.

నిరుడు మా గల్లీల ఒక ఆటో నడిపే అన్నకు దగ్గు పట్టుకున్నది. ఫోన్‌ల ఒక డాక్టర్ అజిత్రో రాసిండు, తగ్గలే. ఇంకో డాక్టర్ లీవోఫ్లోక్సాసిన్ అని ఇంకో యాంటీబయాటిక్ రాసిండు. ఐదు రోజులు మింగంగనే జర నయమైనట్టు అనిపించింది, మళ్ళ మొదలు. అప్పటికి నెల దాటింది. రెండోసారి లీవో కోసం వస్తె నేను ఇయ్యలే. "అన్నా, రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలె, సర్కార్ దవాఖానల పైస తీసుకోరు, పో" అన్న. టీబీ తేలింది. లీవో టీబీ మీద కూడ కొంత పని చేస్తది, అందుకె పైపైన తగ్గించి అసలు రోగాన్ని దాస్తది. ఎదురుంగ కూసోపెట్టుకున్న డాక్టరైతె మనిషి ఎంత చిక్కిండో కండ్లతోనన్న చూస్తుండె.

డల్లాస్ తెనాలి:
బాబాయ్, ఏమీ అనుకోవద్దు. చీటీ లేకుండా మూడు అజిత్రో బిళ్ళలు కత్తిరించి చేతిలో పెట్టేది మీ షాపులే కదా?

మందుల షాపు, జనగామ:
ఇచ్చిన తమ్మీ, అబద్ధమెందుకు. నేనియ్యకుంటె పక్క షాపోడు ఇస్తడు. అజిత్రో అట్ట మీద చీటీ లేకుంట అమ్మొద్దనే ఎర్రగీత ఒక్కటే. లీవో షెడ్యూల్ హెచ్1 అనే సర్కార్ లిస్టుల వడ్తది, పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌ల ఎక్కించాలె, మూడేండ్లు దాచాలె. రిజిస్టర్ ఉన్నకాడ చెయ్యి ఆగుతది, గీత ఉన్నకాడ ఆగది. గని ఒక్కటి చెప్త. చీటీ లేనోడు భయపడుకుంట అడుగుతడు. ఆన్‌లైన్ చీటీ తెచ్చినోడు దర్జాగ అడుగుతడు. మందు మాత్రం అదే.

డల్లాస్ తెనాలి:
ఒప్పుకున్నందుకు సంతోషం బాబాయ్. ఇప్పుడు నా వైపు కథ వినండి.

నాన్నకి 71, తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. నలభై ఏళ్ళు చుట్ట కాల్చారు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. సీఓపీడీ. గుంటూరులో పెద్ద డాక్టరుకి రెండేళ్ళు చూపించాం. కారు, టోకెను, మూడు గంటలు కూర్చోవడం, లోపల ఐదు నిమిషాలు. పీల్చే మందు రాశారు, రోటాక్యాప్స్. ఆయాసం తగ్గదు. డోసు పెంచారు. తగ్గదు.

పోయిన ఏడాది విసుగొచ్చి వీడియోలో ఇంకో ఛాతీ డాక్టరుని పట్టుకున్నా. ఆయన అడిగిన మొదటి మాట: "పెద్దాయనా, రోజూ మందు ఎలా వేసుకుంటారో అలాగే నా ముందు వేసుకోండి." నాన్న లోపలికెళ్ళి డబ్బా తెచ్చుకున్నారు. క్యాప్సూల్ తీసి నోట్లో వేసుకుని చెంబుడు నీళ్ళు తాగేశారు. పీల్చే యంత్రం అలమరలో, కొన్న కవర్‌లోనే ఉంది. ఎనిమిది నెలలుగా మింగుతున్నారట! గుంటూరులో ఎవరూ "చేసి చూపించండి" అనలేదు, అన్నా ఆ యంత్రం ఇంట్లో ఉండేది. ఆయన ఇంట్లో ఆయన చేతిని చూడగలిగింది ఫోనే.

మాస్టారూ, ఎదురుగా చూస్తే భద్రం అంటున్నారు. 2025లో మధ్యప్రదేశ్ చింద్వారాలో పిల్లల ప్రాణాలు తీసిన ఆ దగ్గు సిరప్‌ని రాసింది యాప్‌లు కాదండీ. క్లినిక్‌లో కూర్చోబెట్టుకుని చూసిన వాళ్ళే.

రిటైర్డ్ మాస్టారు, నరసరావుపేట:
అది మందు కల్తీ నాయనా. సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిస్తే చూసిన డాక్టరేం చేస్తాడు? ఆ ఉదాహరణ నీ వాదానికి పనికిరాదు. మీ నాన్నగారి సంగతి మాత్రం ఆలోచించదగిందే. మా ఆవిడకి ఉబ్బసం. రేపు నా ఎదురుగా పీల్చమంటాను.

తెల్లకోటు:
మాస్టారి మాట సగం ఒప్పు. మందు కల్తీ కావడం డాక్టరు తప్పు కాదు. కానీ అంత చిన్న పిల్లలకి ఆ సిరప్ అక్కర్లేకుండా రాయడం మా తప్పే. ఎదురుగా చూసినా అదే అలవాటు, ఫోన్‌లో చూసినా అదే అలవాటు.

ఎందుకు రాస్తామో కూడా చెప్తాను. పోయిన వారం వీడియోలో ఒక మూడేళ్ళ పాపని చూశాను. ఊపిరి 30, ఆడుకుంటోంది, ఏ మందూ వద్దన్నాను, ఏయే లక్షణాలు వస్తే వెంటనే తీసుకురావాలో చెప్పాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఒక్క స్టార్ ఇచ్చారు. కింద ఏం రాశారంటే, "డబ్బులు తీసుకుని తేనె తాగించమన్నాడు" అని!

బాబాయ్ చెప్పిన చాటింగ్ చీటీలు రూలుకి విరుద్ధం. టెలీమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి, లాక్‌డౌన్ మొదలైన రోజే. మొదటిసారి చూసే పేషెంటుకి పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, దగ్గు బిళ్ళల్లాంటివి దాటి ఏం రాయాలన్నా వీడియో ఉండాలి. పిల్లలైతే పక్కన పెద్దవాళ్ళుండాలి. "ఇది ఫోన్‌లో తేలదు, వచ్చి చూపించండి" అని ఏ క్షణంలోనైనా చెప్పే హక్కు డాక్టరుకి ఉంది. నా లెక్కలో అది హక్కు కాదు, సగం ఉద్యోగం అదే. అన్నట్టు ఆ కాగితం నిండా "ఆర్ఎంపీ రాయవచ్చు, ఆర్ఎంపీ చూడవచ్చు" అని ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు అదిరిపడ్డాను. వాళ్ళ ఉద్దేశం రిజిస్టరైన డాక్టరని, మన ఊళ్ళలో సైకిలు మీద సూది మందు సంచీతో వచ్చే ఆర్ఎంపీ కాదని అర్థం కావడానికి ఒక పేజీ పట్టింది.

ఏజెన్సీ నర్సు:
పాడేరు వైపు ఒక విలేజ్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మీ చర్చ అంతా రెండు దారులూ ఉన్నవాళ్ళ చర్చండీ. మాకు పిల్లల డాక్టరు కావాలంటే రెండు కొండలు దిగాలి. ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో వైద్య సేవలో డాక్టరుకి కాల్ పెడతాం. 2019 నుంచి ఉంది, రోగికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. తేడా ఏంటంటే, ఇటువైపు రోగి పక్కన నేనుంటాను. గొట్టం నేనే పెడతాను, వేలికి ఆక్సిమీటర్ నేనే తగిలిస్తాను, ఊపిరి నేనే లెక్కపెడతాను.

మొన్న వానల్లో ఎనిమిది నెలల పాపని తెచ్చారు. తల్లి "జలుబే" అంది. లెక్కపెడితే 62, డొక్కలు లోపలికి పోతున్నాయి. కాల్ పెడితే బొమ్మ ఆగిపోయింది, మాట మాత్రం వస్తోంది. డాక్టరమ్మ "బొమ్మ అక్కర్లేదు, లెక్క చెప్పు" అంది. చెప్పాను. "అమాక్సిసిలిన్ మొదటి డోసు ఇచ్చి 108 ఎక్కించు" అంది. పాప బాగుంది ఇప్పుడు. నేను లేకుండా ఆ తల్లే ఫోన్ చేసి "జలుబు" అని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే ఊరికే ఫోన్ మంచిదా చెడ్డదా అంటే నేనేం చెప్పలేను. ఫోన్‌కి ఇటు చివర ఎవరున్నారో చెప్పండి, అప్పుడు చెప్తాను.

మందుల షాపు, జనగామ:
గీ చెల్లె మాటకు దండం. యాప్‌లోల్లు ఆ చెల్లెను సుత ఫోన్‌ల పంపుతరా మరి?

డల్లాస్ తెనాలి:
పట్నంలో ఆ చెల్లెలి పని అమ్మకి నేర్పొచ్చు కదా బాబాయ్. అరవై వరకూ లెక్కపెట్టడం రాని అమ్మ ఎవరుంటారు?

మందుల షాపు, జనగామ:
లెక్క వస్తది తమ్మీ. రాత్రి రెండింటికి బిడ్డ దగ్గుతుంటె చెయ్యి వణుకుతది. గప్పుడు 42 అన్నది 32 లెక్క కనిపిస్తది. నాకు ముగ్గురు పిల్లలు.

మియాపూర్ అమ్మ:
అందరికీ థాంక్స్. జరిగింది చెప్తాను.

మొన్న రాత్రి వాడు పడుకున్నాక లెక్కపెట్టాం. అత్తయ్య గడియారం పట్టుకున్నారు, నేను పొట్ట చూశాను. మొదటిసారి 27, రెండోసారి 28. ఇద్దరం హాయిగా పడుకున్నాం. నిన్న పొద్దున జ్వరం లేదు. సాయంత్రం మళ్ళీ 102, కుడి చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. ఈసారి ఫోన్ తీయలేదు, క్లినిక్‌కే వెళ్ళాం. చెవిలో లైటు వేసి చూశారు, లోపల ఎర్రగా వాచి ఉందన్నారు. అమాక్సిసిలిన్ రాశారు.

అత్తయ్య "నేను చెప్పలా?" అంటున్నారు. మా ఆయనేమో "సోమవారం తీసుకెళ్ళినా చెవి మామూలుగానే ఉండేది, జలుబు ముదిరాకే చెవికి వస్తుంది" అంటున్నారు. తెల్లకోటు గారూ, ఇందులో ఎవరిది రైటు?

తెల్లకోటు:
మీ ఆయన చెప్పింది చాలావరకు జరిగేదే. కానీ నేను ఆ మాట మీ అత్తయ్యగారి ముందు అనను. చెవి నొప్పికి ఫోన్ తీయకుండా వెళ్ళారు చూడండి, అది సరైన పని.

మియాపూర్ అమ్మ:
సరేనండీ. మందుల షాపు బాబాయ్, అజిత్రో సీసా, రెండు సిరప్‌లూ సీలు తీయకుండా ఉన్నాయి. షాపువాళ్ళు తిరిగి తీసుకుంటారా?

మందుల షాపు, జనగామ:
బిల్లుంటె కొన్నకాడ అడుగమ్మా. మందులు కూడ యాప్‌లనే తెప్పిచ్చుకున్నవా ఏంది?

మియాపూర్ అమ్మ:
అవును బాబాయ్. పన్నెండు నిమిషాల్లో వచ్చాయి.